నూరు గింజల తూకం

మా పరిశోధన కేంద్రంలో నన్నందరూ నూరమ్మ అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అదీ ఒక అక్షరం తప్పుగా. ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం సోయా గింజలు వంద లెక్కపెట్టి తూచడం. తొంభై తొమ్మిదీ కాదు, నూటొకటీ కాదు, సరిగ్గా వంద. ఒక్క గింజను తూచి ఫలానా రకం బరువైనదనో తేలికైనదనో చెప్పలేం కాబట్టి ఎక్కడైనా వందే తూస్తారు. వినేవాళ్లకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన కూడా అలాగే అన్నాడు. గిన్నెడు గింజలు చేతికిచ్చి, పక్కన టీవీ పెట్టి, లెక్కపెట్టండి చూద్దాం అన్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ తప్పిపోయాడు. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నాకో పద్ధతుంది. ఎదురుగా తెల్లపళ్లెం, అందులో గుప్పెడు గింజలు. మూడు వేళ్లు కలిపి విడతకి అయిదేసి చొప్పున కుడిపక్కకి లాగుతాను. అలా ఇరవై సార్లు. లాగినవి తూచి సీసాలో పోస్తాను, మిగిలినవి పొట్లం కడతాను. నా లెక్క తప్పిందని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. ఆ గర్వం ఏమైందో కూడా చెప్పక తప్పదు కాబట్టి ముందే చెప్పేసుకుంటున్నాను.

మా పై అధికారిని డాక్టరమ్మ అంటాం. సూదిమందు వేసే డాక్టరు కాదు, సోయా మొక్కలకి సంబంధాలు కుదిర్చే డాక్టరు. ఈ మొక్క పుప్పొడి తీసి ఆ మొక్క పువ్వుకి అంటించి, పుట్టిన పిల్లల్లో మంచివాటిని నిలబెట్టి, ఏడాదికేడాది విత్తుకుంటూ పోతుంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, పై అధికారి అయినా నన్ను మీరు అనే పిలుస్తుంది. ఎనిమిదేళ్లు అలా ఎండలో పడిగాపులు కాస్తే చివరికి చేతికందిన ఒక్క రకం మా బొద్దు. కాగితాల మీద దానికో పొడుగాటి నంబరుంది. మొదటిసారి పళ్లెంలో పోసుకున్నప్పుడు "అబ్బ, ఎంత బొద్దుగా ఉన్నాయో!" అన్నాను. అదే పేరయి కూర్చుంది.

ఆ గురువారం బొద్దు సంగతి తేలాలి. కొత్త రకాలకి అనుమతిచ్చే కమిటీ కూర్చుంటుంది. నియమం ఒక్కటే. రైతులు ఇప్పుడు వేసుకుంటున్న పాత రకం ఒకటుంది, దాన్ని మేం ముసల్ది అంటాం. మూడు చోట్ల, మూడు తీరుల నేలల్లో, బొద్దు దానికంటే పదోవంతైనా ఎక్కువ తూగాలి. ఏ ఒక్కచోట తగ్గినా అంతే సంగతులు. తూగిందా, వచ్చే పంటకాలానికి విత్తనం సంచులకెక్కి రైతుల ఇళ్లకి వెళ్తుంది.

ఒక్కచోట తూస్తే చాలదా అని నేనూ అడిగాను. డాక్టరమ్మ గదిలో తెల్లబోర్డు మీద ఒక లెక్క రాసి ఉంటుంది, తుడవొద్దు అని కింద గీత గీసి మరీ. బరువు అంటే పుట్టుక, చోటు, ఆ రెండింటి పొత్తు, చివర పొరపాటు. ఈ నాలుగూ కలిపితే వచ్చేది. పుట్టుకంటే తల్లిదండ్రుల నుంచి దిగిన జన్యువులు. చోటంటే నేల, నీరు, ఎండ, చలి. పొత్తంటే ఒక రకానికి పడిన చోటు ఇంకో రకానికి పడకపోవడం.

"మా పుట్టింటి నీళ్లు నాకు పడతాయి, మా ఆయనకి పడవు. అదేనా?" అన్నాను.

"అదే నూరమ్మా! రేపట్నుంచి నా పాఠాలు మీరే చెప్పెయ్యండి."

"మరి ఆ చివర పొరపాటేంటి?"

"ఆ మూడింట్లోనూ ఇమడని చిల్లర తేడాలన్నీ అందులో పడేస్తాం లెండి" అంది.

ప్రతి ఇంట్లోనూ ఒక సొరుగుంటుంది, ఎక్కడ పెట్టాలో తెలియని వస్తువులన్నీ అందులోకే పోతాయి. అలాంటిదే కాబోలు అనుకుని ఊరుకున్నాను.

మూడు చోట్లలో మొదటిది మా కేంద్రం పొలమే. నల్లనేల, అడిగినప్పుడల్లా నీళ్లు, పుట్టింట్లో ఉన్నంత గారం. రెండోది కొండ మీది చలి మడి. మూడోది మా అక్క చేను. ఇసుక నేల, వానే దిక్కు. బావి ఉందిగానీ దాని నీళ్లు రెండు మళ్లు దాటి రావు. అలాంటి ఎండు చేను ఒకటి కావాలని డాక్టరమ్మ వెతుకుతుంటే అక్క చేను చూపించింది నేనే.

అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. బక్కపలచటి మనిషి, ముక్కుసూటి మాట. మొదటి ఏడు కోతయ్యాక బొద్దు కాయలు ఒలిచి చూసి, "నువ్వు తూచి బాగుందని చెప్పు, చేనంతా ఇదే వేస్తా. ఇంకొకళ్ల మాట నాకక్కర్లేదు" అంది. మూడేళ్లుగా నేను తూస్తూనే ఉన్నాను, బాగుంటూనే ఉంది. డాక్టరమ్మకి ఎనిమిదేళ్ల కష్టం, మా అక్కకి ఏడాది పంట, రెండూ నా పళ్లెంలో కూర్చున్నాయన్నమాట. అప్పట్లో ఆ ఆలోచన నాకు భలే హాయిగా ఉండేది.

సోమవారం పొద్దున్నే అక్క బస్సు దిగింది, ఆ ఏటి గింజల సంచులు రెండూ చంకలో పెట్టుకుని. వాటిని నా బల్ల మీద దబ్బున పడేసి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఏమే, మీ తూకం మిషను బాగానే ఉందా?" అంది.

"దానికేం, నిక్షేపంలా ఉంది. ఎందుకు?"

"ఇంటిదగ్గర నేనూ తూచా. బొద్దు వంద గింజలు పది గ్రాములే తూగింది. ముసల్ది తొమ్మిదిన్నర పైచిలుకు. నీ కాగితాల్లో బొద్దు ఏటా పదకొండు పైనే కదా ఉంది?"

నాకు ముక్కు మీద కోపం. "దేంతో తూచావు?"

"పురుగుమందు పొడి తూచుకునే మిషనుందిగా, దాంతో."

"ఆ ఆటబొమ్మతోనా! మాది ఎంత పెట్టి కొన్నారో తెలుసా?"

"నువ్వు కొన్నావా ఏంటి, అంత ఉడుక్కుంటావు? ఇదిగో, ఆటబొమ్మ కూడా తెచ్చా." సంచిలోంచి తీసి నా మిషను పక్కన పెట్టింది.

ఒకే గుప్పెడు గింజల్ని రెండింటి మీదా మార్చి మార్చి తూచాం. వెంట్రుకవాసి తేడా లేదు. అక్క కనుబొమ్మలు ఎగరేసింది. అలా ఎగరేసినప్పుడు చిన్నప్పట్నుంచీ నాకు ఒళ్లు మండుతుంది.

"సరే, నీకు లెక్క తప్పుంటుంది. నేను లెక్కపెడతాను, చూడు" అని బొద్దు సంచిలోంచి గుప్పెడు పోసి, నా పద్ధతిలో వంద లాగి తూచాను. 11.2. "చూశావా?" అన్నాను, కాలరుంటే ఎగరేసేదాన్నే.

అక్క టీ గదిలోకి వెళ్లి గరిటె ఒకటి పట్టుకొచ్చింది. సంచిలో ముంచి, పళ్లెంలో గుమ్మరించి, వచ్చినవి వచ్చినట్టు ఒకటీ రెండూ అని పైకే లెక్కపెట్టింది. వంద కాగానే ఆపింది. 10.0. నేనే మళ్లీ రెండుసార్లు లెక్క సరిచూశాను. వందే. మళ్లీ నా చేత్తో తీశాను. 11.3. మళ్లీ తను. 9.9. ఒకే సంచి, ఒకే మిషను, ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరం.

"నువ్వు ఏరుతున్నావే" అంది అక్క.

"ఏరట్లేదు, లెక్కపెడుతున్నా."

"లెక్క నువ్వే పెడుతున్నావు. చెయ్యి మాత్రం ఏరుతోంది. ఈసారి గింజల్ని చూడకు, నీ వేళ్లని చూసుకో."

చూసుకున్నాను. అడ్డంగా దొరికిపోయాను. అక్క చేలో పండిన బొద్దు గింజలు మా కేంద్రం గింజల్లా ఒక్క తీరున ఉండవు. కొన్ని బుగ్గల్లా ఉంటే, వాటి పక్కనే నొక్కుకుపోయిన పీలగింజలు ఉంటాయి. నా వేళ్లు నిండుగా ఉన్న వాటి మీదికి వాటంతటవే వెళ్లి వాలుతున్నాయి. పీలవి పక్కకి జరిగిపోతున్నాయి. నేను తోస్తున్నానని నాకే తెలియదు. ఇరవై రెండేళ్లలో ఆ వేళ్లకి అందమైన గింజ ఏదో కనిపెట్టడం అంత బాగా ఒంటబట్టింది.

"అలాగైతే ముసల్దానికీ ఎక్కువ రావాలి కదా! రెండింటికీ పెరిగితే తేడా మారదు" అన్నాను, మునిగిపోయేవాడు దొరికింది పట్టుకున్నట్టు. ముసల్దాని సంచి విప్పాం. చేత్తో 9.7, గరిటెతో 9.6. అది ముందునుంచీ పొందికైన రకం, ఎండు చేలో కూడా గింజలన్నీ ఒక్క సైజే. అన్నీ ఒకేలా ఉన్నచోట ఏరడానికేముంది? హెచ్చుతగ్గులున్న బొద్దుకి మాత్రమే నా చెయ్యి పైన గ్రాము కలిపి ఇస్తోంది. తెల్లబోర్డు మీద చివర ఉన్న ఆ ముక్క, ఎక్కడా ఇమడని సామాన్ల సొరుగు, మూడేళ్లుగా నేనేనన్నమాట.

తలుపు వైపు చూసి, "అక్కా, ఇది ఎవరికీ చెప్పకు" అన్నాను.

"నాకేం పని చెప్పడానికి? నాకు ఒక్క జవాబు కావాలి. చేనంతా బొద్దు వెయ్యనా, వద్దా?"

నేను పళ్లెంలోని గింజలు మళ్లీ సంచిలో పోశాను.

"నీ నోటితో వెయ్యమను, వేస్తా" అంది. దెప్పడానికి అనలేదు. ఆ మొహం చూస్తే తెలుస్తోంది, వెయ్యమంటే నిజంగానే వేస్తుంది. నాలాంటి చెల్లెలు లేని రైతులు ఇంకెందరున్నారో, వాళ్లంతా సంచి మీద రాసింది చూసుకుని వేస్తారు. సంచి మీద రాసేది కమిటీ, కమిటీ చూసేది డాక్టరమ్మ కాగితం, ఆ కాగితంలో ఉన్నది నా చెయ్యి.

మధ్యాహ్నం దాకా బల్ల తుడిచాను. తుడిచిందే తుడిచాను. భోజనం డబ్బా విప్పి మళ్లీ మూత పెట్టాను. అన్నేళ్లలో నాకు దక్కిన మర్యాద ఒక్కటే, నూరమ్మ తూచిందంటే తిరుగులేదన్న మాట. అది పోతే నాకేం మిగులుతుంది, ఎండలో పండిన యాభై ఏళ్ల జుట్టు తప్ప? ఈ ఆలోచనతోనే ఒక గంట గడిపాను. నిజం చెప్పాలంటే డాక్టరమ్మ గురించి ఆలోచించింది ఆ తర్వాతే.

రెండింటికి ఆమె గది తలుపు తట్టాను. గురువారం చదవాల్సిన ఉపన్యాసం గోడకి అప్పజెప్పుతోంది, చేతిలో బిస్కెట్ పొట్లం. నన్ను చూసి, "రండి నూరమ్మా, ఇక్కడ మీ గురించే చెబుతున్నా. 'గింజలన్నీ అనుభవజ్ఞురాలైన ఒకే వ్యక్తి లెక్కించారు.' బాగుందా?" అంది.

బాగుందా అట. నిలబడే చెప్పేశాను, మధ్యలో ఊపిరి తీసుకుంటే ఆగిపోతానేమోనని గబగబా. గరిటె సంగతి, వేళ్ల సంగతి, ముసల్దాని పొందిక సంగతి. ఆమె పొట్లంలో ఉన్న బిస్కెట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి తినేసింది. అయిపోయాక ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"మూడేళ్లు" అంది చివరికి. "మూడేళ్లు మీ పక్క గదిలోనే ఉన్నాను. ఒక్కసారైనా గరిటె పట్టుకోవాలని నాకు తట్టలేదు."

"తప్పు నాది, అమ్మా."

"మీదే. నాదీ." గొంతు పెంచింది. "ఎనిమిదేళ్లు, నూరమ్మా! మా అమ్మ ఆపరేషన్ రోజు కూడా నేను ఆ మొక్కల దగ్గరే ఉన్నాను!" తర్వాత ముక్కు చీదుకుని, "గోదాము తాళాలు తీసుకురండి" అంది.

మంగళ బుధవారాలు మూడేళ్ల సంచులూ దించి మళ్లీ తూచాం. ఏ పొట్లం ఏ రకమో, ఏ చోటిదో నాకు తెలియకుండా డాక్టరమ్మ అంకెలు అంటించింది. అక్క మా ఇంట్లోనే ఉండిపోయి గరిటె డ్యూటీ చేసింది. ముంచేది తను, లెక్కపెట్టేది నేను, తూచేది డాక్టరమ్మ. చేతిలోకి ఏది వస్తే అది లెక్కపెట్టడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఒక్కో పీలగింజని కుడిపక్కకి లాగుతుంటే ఎవరో నా చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజినట్టుండేది.

బుధవారం నాలుగింటికి లెక్క తేలింది. నల్లనేలలో బొద్దు దర్జాగా గెలిచింది. కొండ మీద గట్టెక్కింది. అక్క చేలో మూడేళ్లూ కలిపి చూస్తే ముసల్దాని కంటే పాతికోవంతు మాత్రమే ఎక్కువ. కావాల్సింది పదోవంతు.

గురువారం కమిటీ ముందు డాక్టరమ్మ నాలుగు నిమిషాలు మాట్లాడిందట. లెక్కల్లో దోషం దొరికింది, రకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పి కూర్చుందట. నా ఊసెత్తలేదు. ఎత్తినా బాగుండేది. ఊసెత్తకుండా ఆ తప్పు తనే మోసిందే, అది నాకు ఇంకా బరువైంది.

తర్వాత నెలరోజులు ఆమె నాతో పొడిపొడిగా ఉంది. నన్ను తూకం బల్ల నుంచి మార్చి కవర్ల మీద అంకెలు రాసే పనికి పెట్టారు. ఆఫీసులో విషయం దాగుతుందా? స్టోరు గుమాస్తా నన్ను చూసినప్పుడల్లా "ఏరమ్మగారూ, బాగున్నారా?" అనేవాడు. ఒకరోజు అతని టీలో చక్కెరకి బదులు ఉప్పు కలిపి ఇచ్చాను. అప్పట్నుంచి కాస్త తగ్గాడు.

విత్తే రోజులు దగ్గరపడుతుండగా డాక్టరమ్మ నా కవర్ల బల్ల దగ్గరకొచ్చి కుర్చీ లాక్కుంది. "నూరమ్మా, మీరు ఏరి తూచిన వందలు సీసాల్లో ఉన్నాయి కదా? మీ చెయ్యి వదిలేసినవి?"

"పొట్లాల్లో ఉన్నాయి. నేను ఏదీ పారెయ్యను."

"ఆ పీలగింజలు పుట్టుకతోనే పీలవా, లేక చోటు వల్ల అలా అయ్యాయా? నాకిదొక్కటే అంతుబట్టట్లేదు. పుట్టుకతోనే అయితే నా రకం ఇంకా కలగాపులగమే, ఎనిమిదేళ్లూ నేను చేసింది సగం పనే. ఏరినవి ఒక పక్క, వదిలేసినవి ఒక పక్క మీ అక్కగారి చేలో వేసి, పిల్లల్ని తూద్దామా? పెద్దవాటికి పెద్దవే పుడితే పుట్టుక. రెండింటి పిల్లలూ సమానంగా ఉంటే చోటు."

ఆమె నా దగ్గరికొచ్చి కూర్చుందన్న సంతోషంలో నేను దేనికైనా సరే అనేదాన్ని. పైగా నాకు జవాబు తెలుసనుకున్నాను. నిండుగా ఉన్నదానికి నిండుగా ఉన్నదే పుడుతుంది, ఇందులో అడగడానికేముంది? అక్కని అడిగితే తనూ అదే అంది. "నేలలో పెట్టేది గట్టి గింజే. ఇది తెలియడానికి డాక్టరు చదువు కావాలా?"

అక్క చేలో సాళ్లు తీశాం. బొద్దువి రెండు పక్కలా, మధ్యలో ముసల్ది. ప్రతిదాంట్లోనూ సగం సాళ్లకి, కాయల్లో గింజ నిండే రోజుల్లో బావినీళ్లు తోడి ఒక్క తడి ఇవ్వాలని, మిగతా సగాన్ని వానకి వదిలెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ తడి ఇచ్చే రోజు నేనూ వెళ్లాను. పైపు పట్టుకోమని నాకిచ్చి అక్క బావి దగ్గర నిలబడింది. బావి అడుగు కనిపించడానికి మూడు గంటలు కూడా పట్టలేదు.

పంట కోసి, ఎండబెట్టి, అన్నిటినీ ఒక్క తీరు తేమకి తెచ్చాక మళ్లీ అదే బల్ల దగ్గర ముగ్గురం చేరాం. గరిటె అక్కది, లెక్క నాది, తూకం డాక్టరమ్మది. ఏ పొట్లంలో ఏముందో ఆమె ముందే ఒక కవర్లో రాసి అంటించి పెట్టింది. తూకాలన్నీ అయ్యాక కవరు చింపింది.

"నీళ్లు లేని సాళ్లు. ఏరినవాటి పిల్లలు, పది పాయింటు ఒకటి." వేలు కింది వరుసకి జరిపింది. "వదిలేసినవాటి పిల్లలు, పది పాయింటు రెండు."

"లెక్క తప్పుంటాను, మళ్లీ తీద్దాం" అన్నాను. మళ్లీ తీశాం. ఈసారి రెండూ 10.1. తడి ఇచ్చిన సాళ్లలో ఏరినవాటి పిల్లలు 12.3, వదిలేసినవాటి పిల్లలు కూడా 12.3. అదే తడికి ముసల్ది 10.9 దగ్గరే ఆగిపోయింది.

డాక్టరమ్మ బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. గింజలు ఎగిరి కింద పడ్డాయి. "రక్తం ఒకటే! నా బొద్దులో కల్తీ లేదు! ముందు పట్టిన కాయలకి తిండి అందింది. ఆలస్యంగా పట్టిన కాయల వంతు వచ్చేసరికి నేల ఎండిపోయింది. ఆ పీలగింజలు తక్కువగా పుట్టలేదు నూరమ్మా, వాటిదాకా ఏమీ రాలేదంతే. ఒక్క తడి వచ్చిందంటే అన్నీ నిండాయి." కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "మళ్లీ కమిటీకి పెడతా. సంచి మీదే రాయిస్తా, గింజ నిండేటప్పుడు ఒక తడి ఇవ్వగలిగిన చేలకే అని. ఉన్నది ఉన్నట్టు." ఎవరికో ఫోన్ చెయ్యాలంటూ గదిలోంచి దాదాపు పరిగెత్తింది.

అక్కా నేనూ మిగిలాం. అక్క కింద పడ్డ గింజలు ఏరుతూ, "అయితే నా చేనుకి కాదన్నమాట" అంది.

నాకు మనసు చివుక్కుమంది. బొద్దుని ఆ చేలో చూడాలని నాకెంత ఆశగా ఉండేదో. "బావికింద మళ్లు రెండున్నాయి కదక్కా..."

"ఆ రెండింట్లో వేస్తాలే. మిగతాదంతా ముసల్దే." గింజలు బల్ల మీద పెట్టింది. "నువ్వప్పుడు నోరు మూసుకునుంటే చేనంతా వేసేదాన్ని. ఈపాటికి నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని." మా అక్క నోట పొగడ్త అంటే ఇంతకు మించి ఉండదు.

వదిలేసినవాటి పాత పొట్లం ఒకటి అక్కడే తెరిచి ఉంది. అందులోంచి నాలుగు పీలగింజలు అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అంది, "నాన్న మనిద్దర్లో నిన్నే బడికి పంపాడు కదా."

యాభై ఏళ్లలో అక్క ఈ మాట ఎత్తడం నేను వినలేదు.

"రెండు గంటల నడక. నువ్వు పుష్టిగా ఉన్నావు, నడవగలవన్నాడు. నేను బక్కదాన్ని, దారిలోనే పడిపోతానన్నాడు. దీనికి చదువు కూడా ఎక్కదులే అని అమ్మతో అంటుంటే విన్నా. నేనూ అదే నమ్మానే. ఎక్కదు కాబోలు అనుకున్నా, ఇన్నేళ్లూ."

"అక్కా, నాన్న..."

"నాన్ననేమీ అనట్లేదు. కంటికి నిండుగా కనిపించినదాన్ని తీసుకున్నాడు. నువ్వు మాత్రం తీసుకోలేదూ?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆపుకుందామని చూశాను, వల్ల కాలేదు. నేను చదువుకున్నందుకు సిగ్గుపడాలో, అక్క చదువుకోనందుకు ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి చేశాను. కన్నీళ్లు టపటపా పళ్లెంలోకి రాలాయి.

అక్క పళ్లెం చటుక్కున తన వైపు లాక్కుంది. "గింజల మీద ఏడవకే! తేమెక్కితే బరువు తప్పొస్తుంది. అటెళ్లి ఏడు."

వెళ్లాను. మొహం కడుక్కుని వచ్చేసరికి అక్క నా కుర్చీలో కూర్చుని ఉంది. గరిటెడు గింజలు పళ్లెంలో పోసుకుని, మూడు వేళ్లు కలిపి అయిదేసి లాగుతోంది, పెదాలు కదుపుకుంటూ. పీలవీ నిండువీ ఏవి చేతికొస్తే అవి. ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. పక్కన ఉన్న కవర్ల బల్ల మీద కూర్చుని, వంద అయ్యేదాకా ఆగాను.